ఇరవై నాలుగేళ్లకు వెటర్నరీ చదువు మొదలుపెట్టవచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, మిగతా వాళ్లకూ అర్థమవుతుంది. కోనసీమలో లంక గ్రామం. ఆరేళ్ల కిందట ఇంటర్ బైపీసీ పాసయ్యారు, నాన్నగారి అనారోగ్యం వల్ల చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఇరవై నాలుగు. అమలాపురంలో మందుల షాపులో పని, ఇంట్లో రెండు గేదెలు. పశువైద్యురాలు కావాలన్న కోరిక మాత్రం పోలేదు. పదిహేడేళ్ల పిల్లల మధ్య కూర్చోగలనా, చదువు పూర్తయ్యేసరికి ముప్పై దాటదా, ఆడపిల్లకు ఈ పని సాగుతుందా అని అడిగారు. షాపు యజమాని మాత్రం ‘కాలేజీ ఎందుకు, అనుభవం మీద సూదులు వేయడం నేర్చుకో, ఊళ్లో అదే చాలు’ అంటున్నారని రాశారు.

నేను ఈ డెల్టాలోనే పశువైద్యుడిగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రాజోలు, ముమ్మిడివరం వైపు చాలా ఏళ్లు తిరిగాను. అందుకే కొంచెం కటువుగా చెప్పినా మరోలా అనుకోవద్దు.

ముప్పై దాటుతుందన్న బెంగను ముందు పక్కన పెట్టండమ్మా. పశువైద్య పట్టా కోర్సు బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఐదున్నరేళ్లు. నాలుగున్నరేళ్లు తరగతులు, ఏడాది ఇంటర్న్‌షిప్. పరీక్ష తయారీకి ఒక ఏడాది కలిపితే ముప్పై ఒకటి దగ్గర తేలుతారు. మనుషుల డాక్టర్లు పీజీ ముగించి బయటికి వచ్చేదీ ఇంచుమించు ఆ వయసుకే. అసలు చిక్కు మరోచోట ఉంది. మీ వయసు తరగతి గదిలో ఎవరికీ అడ్డం రాదు, ప్రవేశ నోటిఫికేషన్‌లో అడ్డం వస్తుంది. చాలామంది కోచింగ్‌కు డబ్బు కట్టి, ఉద్యోగం మానేసి, అంతా అయ్యాక ఆ కాగితం తీసి చదువుతారు. మీరు ముందే చదవండి.

మన రాష్ట్రంలో వెటర్నరీ సీట్లు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. తిరుపతి కాలేజీ 1955 నాటిది. మీకు దగ్గరది గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల, 1998లో మొదలైంది. ప్రొద్దుటూరులో, గరివిడిలో కూడా కాలేజీలు ఉన్నాయి. ఈ సీట్ల నోటిఫికేషన్లలో కనిష్ఠ వయసు పదిహేడుతో పాటు గరిష్ఠ వయసు కూడా పెడుతూ వచ్చారు. ఆ గీత ఇరవైల మొదటి సగంలోనే పడుతుంది. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు కొన్నేళ్ల సడలింపు ఉంటుంది. మీరు ఏ కేటగిరీయో రాయలేదు. జనరల్ లేదా బీసీ అయితే రాష్ట్ర కోటా మీకు దాదాపు దాటిపోయిందనే అనుకొని ప్రణాళిక వేసుకోండి. ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఇంకా కొద్ది సమయం ఉండవచ్చు, కానీ తయారీ పేరుతో రెండేళ్లు తీసుకునే వీలు లేదు. వయసును ఏ తేదీకి లెక్కిస్తారో కూడా అందులోనే రాసి ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీని దాని పక్కన పెట్టి చూడండి. సీటు ఏ పరీక్ష ర్యాంకు మీద ఇస్తారన్నది కూడా ఏ ఏటికి ఆ ఏడు నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. కోచింగ్ సెంటర్ వాళ్లు నోటితో చెప్పే మాట నమ్మవద్దు.

రెండో తలుపు అఖిల భారత కోటా. గుర్తింపు ఉన్న వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లను భారత పశువైద్య మండలి జాతీయ వైద్య ప్రవేశ పరీక్ష నీట్ మార్కుల మీద భర్తీ చేస్తుంది. నీట్‌కు పై వయసు పరిమితిని 2022లో తీసేశారు, కాబట్టి పరీక్ష రాయడానికి మీకు అడ్డంకి లేదు. కౌన్సెలింగ్ నిబంధనలు మాత్రం మండలి ప్రతి ఏటా ఇచ్చే సమాచార పుస్తికలో చూసుకోవాలి. ఈ కోటాలో సీటు ఏ రాష్ట్రంలోనైనా రావచ్చు. ఇంటికి దూరంగా, తెలియని భాషలో పశువుల యజమానులతో మాట్లాడుతూ ఇంటర్న్‌షిప్ చేయడానికి మనసు సిద్ధం చేసుకోవాలి. ఇంటర్‌లో ఇంగ్లీషు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి 50 శాతం ఉండాలి. మీ మార్కుల జాబితా ఒకసారి బయటికి తీయండి.

ఇది చదివే వాళ్లలో యానాం వారు ఎవరైనా ఉంటే వాళ్ల సంగతి వేరు. గోదావరి పక్కనే ఉన్నా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడివారు పుదుచ్చేరి ప్రవేశాలు చూసే సెంటాక్ ద్వారా కురుంబపేటలోని ప్రభుత్వ వెటర్నరీ కాలేజీకి ప్రయత్నించవచ్చు. కాలువ ఇటు పుడితే ఒక చట్టం, అటు పుడితే ఇంకో చట్టం. మన డెల్టాలో ఇలాంటి విచిత్రాలు కొన్ని ఉన్నాయి.

నీట్ గురించి ఎక్కువ రాయను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 ప్రశ్నలు, బయాలజీవే. ఆరేళ్లు పుస్తకం ముట్టని మీలాంటి వాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. మిమ్మల్ని ఏడిపించేవి ఫిజిక్స్ లెక్కలు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు, కానీ కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి కాబట్టి ఆ భాషకు ఇప్పటి నుంచే అలవాటు పడండి. షాపులో మందుల పేర్లు, డోసులు చదివే అలవాటు మీకు ఉండనే ఉంది, అది చిన్న సాయం కాదు. నా సలహా ఏమిటంటే ఒక ఏడాది పూర్తిగా ఇవ్వండి, మరీ దగ్గరకు వచ్చి తప్పిపోతే ఇంకో ఏడాది. మూడో ఏడాది వద్దు. మూడో ఏడాది రాసేవాళ్లు చాలావరకు చదువు కోసం కాక పరువు కోసం రాస్తుంటారు.

ఈ లెక్కలన్నిటికీ ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని మీరు అడగలేదు. మీకు కావలసింది డాక్టర్ అన్న పేరా, పశువుల మధ్య పనా? తప్పేమీ లేదు, రెండూ కోరుకోవచ్చు. కానీ రెండిటికీ దారులు వేరు, రెండో దానికి ఇంత పెద్ద గేటు లేదు.

ఈ వృత్తి మీద మోజు చాలామందికి పాలజ్వరం చూశాక పుడుతుంది. ఈని రెండు రోజులైన గేదె నేల మీద పడి, మెడ డొక్క వైపు తిప్పుకొని, చెవులు చల్లబడి, ఇక పోతుందనుకునే స్థితిలో ఉంటుంది. గుండె చప్పుడు వింటూ నరంలోకి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తే కాసేపట్లోనే త్రేన్పు తీస్తుంది, పేడ వేస్తుంది, తడబడుతూ లేచి నిలబడుతుంది. ఇంటిల్లిపాదీ దేవుణ్ణి చూసినట్టు చూస్తారు. మీ కోరిక వెనుక ఉన్నది కూడా బహుశా ఇలాంటి జ్ఞాపకమే. అది నిజమే, కానీ ఏడాదిలో అలాంటి రోజులు కొన్నే.

ఎక్కువగా ఎదురయ్యేది ఇలా ఉంటుంది. నెలలు నిండిన గేదె పొద్దుటి నుంచి నొప్పులు పడుతుంటుంది, నీటి సంచి కనిపించదు. చేయి లోపలికి పెడితే దారి నేరుగా పోదు, గోడలు మెలితిరిగి మడతలు మడతలుగా వేళ్లకు తగులుతాయి. గర్భసంచి మెలిక పడింది. గేదెల్లో ఇది తరచుగా చూసేదే, ఎక్కువగా కుడివైపుకు పడుతుంది. అప్పుడు తాళ్లు వేసి, మెలిక ఎటు ఉంటే ఆ పక్కకే గేదెను పడుకోబెడతాం. పై డొక్క మీద పొడవాటి చెక్క పలకను ఏటవాలుగా ఆనించి, కింది కొన నేలకు తగిలేలా పెట్టి, పలక మీద ఒక మనిషిని నిలబెడతాం. ముందు కాళ్లు ఒక తాడుతో, వెనుక కాళ్లు ఇంకో తాడుతో కట్టి, మెలిక ఉన్న వైపుకే ఒంటిని నెమ్మదిగా దొర్లిస్తాం. పలక ఒత్తిడికి లోపల దూడ, గర్భసంచి కదలకుండా ఆగిపోతాయి, చుట్టూ ఒళ్లు తిరుగుతుంది, అలా మెలిక విడుతుంది. ప్రతిసారీ మళ్లీ చేయి పెట్టి చూసుకోవాలి. కొన్నిసార్లకూ విడకపోతే కోసి తీయాలి. దూడ అప్పటికే చచ్చిపోయి ఉండవచ్చు. ఇదంతా వర్షంలో, పాక చూరు కింద, ఎవరో పట్టుకున్న ఫోను వెలుతురులో జరుగుతుంది. ఇంటి పెద్ద మీ వెనుక నిలబడి ‘లక్ష రూపాయల గేదె డాక్టరు గారూ’ అంటూ ఉంటాడు.

ఆడపిల్లకు సాగుతుందా అన్న దానికి జవాబు ఇందులోనే ఉంది. గేదెను దొర్లించేది డాక్టరు బలం కాదు, ఇరుగుపొరుగు నలుగురు. డాక్టరు చేయవలసింది మెలిక ఎటు పడిందో సరిగ్గా చెప్పడం. అటుది ఇటని చెబితే నలుగురు పహిల్వాన్లు దొర్లించినా ముడి ఇంకా బిగుస్తుంది. ఇప్పుడు వెటర్నరీ కాలేజీల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఊరి మాట మొదటి ఈతకే మారిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో ముట్టవద్దు, ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా అనే బాక్టీరియా మనుషులకూ అంటుకుంటుంది. కాలేజీలో చేరితే ముందస్తు రేబిస్ టీకా వేయించుకోండి.

మన డెల్టా పశువైద్యానికి తనదైన లెక్క ఉంది. నీళ్లు ఎక్కువ కాబట్టి నత్తలు ఎక్కువ, నత్తలున్న చోట పశువుల కాలేయంలో చేరే కార్జపు జలగలు తప్పవు. మేతలో సింహభాగం వరిగడ్డి, మాసూళ్లయ్యాక చేలలో చల్లే పిల్లిపెసర, జనుము కొన్నాళ్లే. గడ్డివాము తడిసి బూజు పడితే అది తిన్న గేదెలకు తోక కొస, చెవుల చివర్లు, గిట్టల దగ్గర చర్మం కుళ్లి ఊడే జబ్బు వస్తుంది. వానలకు ముందే గొంతువాపు టీకాలు ముగించాలి. లంకలకు ఐస్ పెట్టె పట్టుకొని పడవ మీద వెళ్లాలి. 2022 జూలై వరద మీరు చూసే ఉంటారు. ఏటిగట్టు మీద పశువులన్నీ ఒకచోట చేరినప్పుడు మందు కంటే ముందు మేత, తరువాత టీకా. సంక్రాంతికి ఇంకో పరీక్ష వస్తుంది. కత్తి గాయాలతో పుంజును గోనెలో వేసుకొని పెద్దమనుషులే తలుపు కొడతారు. పందెం చట్టవిరుద్ధమని తెలుసు, ఎదుట ఉన్న జీవి బాధ పడుతోందనీ తెలుసు. నేను కుట్లు వేసేవాణ్ణి, కాని పందేనికి ముందు వేసే సూది అడిగితే పంపించేసేవాణ్ణి. మీరెక్కడ గీత గీస్తారో మీ ఇష్టం.

ఈ వృత్తిలో చంపడం కూడా పనే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు దగ్గర కోళ్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటప్పుడు చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. ఆ పని చేసేది రక్షణ దుస్తులు తొడుక్కున్న పశువైద్య సిబ్బందే. జంతువులంటే ప్రేమ అని రాశారు. ప్రేమ ఉండాలి, దానితో పాటు ఇది చేయగల నిబ్బరం కూడా ఉండాలి.

షాపు యజమాని సలహాకు వస్తాను. వద్దు. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం రిజిస్టరైన పశువైద్యులే వైద్యం చేయాలి. డిప్లొమా ఉన్న సహాయకులు కూడా డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలే చేయాలి. చట్టం సంగతి అలా ఉంచినా, మందుల షాపులో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. నొప్పుల మందు డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు, ఆ మందు ఉన్న కళేబరాలు తిని రాబందులు చచ్చాయి కనుక. మనుషుల డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువుల పాకలకు చేరుతున్నాయనే 2015లో దాన్ని 3 మిల్లీలీటర్ల మోతాదుకు కుదించారు. 2023లో అలాంటి మందులే అయిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకూడదన్నారు. ‘గేదెకు జ్వరం, ఏదో ఒకటి ఇవ్వండి’ అని కౌంటర్ దగ్గరకు వచ్చేవాళ్లకు మీరు ఇప్పుడు ఏం ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి. యాంటిబయాటిక్ సూది వేశాక ఎన్ని రోజులు పాలు కేంద్రంలో పోయకూడదో చెప్పగలిగితే కాలేజీకి వెళ్లకముందే ఊరికి మేలు చేసినవారవుతారు.

సీటు దారి మూసుకుపోతే ఏమిటి? పదో తరగతి అర్హతతో పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది, రెండేళ్లు. దానికీ వయసు నిబంధన ఉంటుంది కాబట్టి అదే జాగ్రత్త. గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులుగా ఎక్కువగా తీసుకున్నది ఈ డిప్లొమా వారినే. దానికీ వీలు కాకపోతే కాకినాడలోనో అమలాపురంలోనో జువాలజీ, మైక్రోబయాలజీతో డిగ్రీ చేసి, పీజీ తరువాత టీకాల తయారీ వైపు వెళ్లవచ్చు. గాలికుంటు టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి, అక్కడ పని వెటర్నరీ పట్టా ఉన్నవాళ్లకు మాత్రమే పరిమితం కాదు. ఆక్వా గురించి కూడా ఆలోచించండి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ల్యాబుల్లో నీటి పరీక్షలు, జబ్బుల పరీక్షలు చేసేవారికి పని దొరుకుతుంది. అయితే ఆర్నెల్లలో ‘పశువైద్య డిప్లొమా’ ఇస్తామనే ప్రకటనలకు, విదేశీ వెటర్నరీ సీటు ఇప్పిస్తామనే ఏజెంట్లకు పైసా ఇవ్వకండి. మండలి గుర్తింపు జాబితాలో లేని పట్టాతో ఇక్కడ రిజిస్ట్రేషన్ రాదు.

పదిహేడేళ్ల పిల్లల గురించి నాకైతే బెంగ లేదు. మొదటి ఏడాది అనాటమీ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు అందరి కళ్లూ ఒకేలా నీళ్లు పెడతాయి. నాలుగు కడుపు గదుల గురించి పాఠం చెప్పినప్పుడు వాళ్లకు బొమ్మ కనిపిస్తుంది, మీకు మీ గేదె నెమరు వేయడం కనిపిస్తుంది. పట్నం పిల్లలు నెల తిరక్కుండా అక్కా అని మీ దగ్గరికే వస్తారు, పశువును ఎటు వైపు నుంచి సమీపించాలో అడగడానికి. మీకు కష్టమనిపించేది హాజరు పట్టిక. 75 శాతం తప్పనిసరి, ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా ఆ లెక్క ఆగదు.

అందుకే డబ్బు కన్నా ముందు ఇంటి లెక్క చూడమంటాను. మీ జీతం ఆగిపోతే నాన్నగారి మందులు ఎలా? మీరు గన్నవరంలోనో ఇంకెక్కడో ఉంటే పొద్దున్నే పాలు తీసేదెవరు, వరద వస్తే గేదెలను గట్టు ఎక్కించేదెవరు? దీనికి జవాబు ‘చూద్దాంలే’ అయితే మొదటి ఏడాది మధ్యలోనే ఇంటి నుంచి ఫోను వస్తుంది. ఒక గేదెను అమ్మేయడం, లేదా బంధువులకు పాలు పంచుకునే ఒప్పందం మీద అప్పగించడం లాంటిది ముందే తేల్చుకోండి. అమ్మగారితో కూర్చొని ఈ మాట మాట్లాడటం నీట్ కంటే కష్టం, కానీ తప్పదు.

ఈ నెలలోనే చేయగలిగింది ఒకటుంది. మీ మండల పశువైద్యశాలకు వెళ్లి డాక్టరు గారిని అడిగి, సెలవు రోజుల్లో పొద్దున పూట అక్కడ నిలబడండి. ఎద సూదులు, చూడి పరీక్షలు, పొదుగువాపు, కుక్క కాట్లు అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే వస్తాయి. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం మీ ఊరికి వచ్చినప్పుడు కూడా వాళ్ల పని చూడండి. రికార్డులు రాయడం, పశువును పట్టుకోవడం లాంటివి చేయనిస్తారు, సూది మాత్రం ముట్టవద్దు. ఒక వానాకాలం అలా గడిపాక కూడా కోరిక మిగిలే ఉంటే అప్పుడు ఉద్యోగం మానేసే మాట ఆలోచించండి.

చివర్లో పాత ఇంటర్ పుస్తకాలు దాచుకున్నాను, అవి సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. నీట్ సిలబస్‌ను 2024 పరీక్ష నుంచి సవరించారు, కొన్ని అధ్యాయాలు తీసేశారు. ముందు ఆ సిలబస్ జాబితాను జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్ నుంచి ప్రింటు తీసుకోండి, తరువాత ఎన్సీఈఆర్టీ బయాలజీ కొత్త ముద్రణ కొనండి. పాతవాటిలో ఫిజిక్స్ పుస్తకం ఒక్కటి ఉంచుకోండి, లెక్కలు చేసుకోవడానికి పనికొస్తుంది.